కన్నం వెయ్యలేదు... తాళం మనమే ఇచ్చాం!

నాకు సెంటు భూమి లేదు. బాల్కనీలో రెండు కుండీల్లో కరివేపాకు, కలబంద తప్ప నేను పండించేదేమీ లేదు. అలాంటి నాకు మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్’ యాప్ వచ్చింది. పంపింది తెనాలి దగ్గర పల్లెలో ఉండే మా బాబాయి. ‘మీ ఈకేవైసీ పూర్తి కాలేదు. ఈ యాప్‌లో వెంటనే పూర్తి చేయకపోతే వచ్చే విడత డబ్బులు ఆగిపోతాయి’ అని కింద రెండు ముక్కలు.

మా బాబాయి ఫోన్లో టైపు చేయడు. ఏం చెప్పాలన్నా వాయిస్ మెసేజే. పైగా నన్ను ‘మీరు’ అని ఈ జన్మలో అనలేదు. అనుమానం వచ్చి ఫోన్ చేశాను.

“నేనేం పంపలేదురా. అసలు నా ఫోన్ రెండ్రోజుల్నుంచి ప్రశాంతంగా ఉంది. ఒక్క మెసేజీ రాలా” అన్నాడు.

ఆ ‘ప్రశాంతంగా’ అన్న మాటకే నా గుండె గుభేలుమంది. లోన్లిస్తామనేవాళ్లు, రీఛార్జి చేసుకోమనేవాళ్లు రోజుకి పది మెసేజీలు పంపే కాలం ఇది. రెండు రోజులు ఒక్కటి కూడా కనపడలేదంటే, రాక కాదు. వచ్చినవాటిని ఎవరో మధ్యలోనే పట్టుకుపోతున్నారని!

“బాబాయ్, ముందు డేటా ఆపెయ్. వైఫై ఉంటే అదీ ఆపు. ఆ ఫోన్ పక్కన పెట్టి, పిన్ని ఫోన్ నుంచి నాకు చెయ్” అన్నాను.

బ్యాంకు హెల్ప్‌లైన్ నెంబరు ఏటీఎం కార్డు వెనకాలే ఉంటుంది. పిన్ని ఫోన్ నుంచి దానికి చేయించాను. శుక్రవారం రాత్రి 49,000, శనివారం తెల్లారగట్ల 38,500. మొత్తం 87,500 రూపాయలు పోయాయి. ధాన్యం అమ్మిన డబ్బు. ఎరువుల బాకీ తీర్చి, పిన్ని కంటి ఆపరేషన్‌కి కొంత దాచుకుందామనుకున్న డబ్బు.

“ఆ యాప్‌లో కార్డు నెంబరు ఏమన్నా కొట్టావా?” అని అడిగాను. “అబ్బే, లేదురా” అన్నాడు. అరగంట తర్వాత పిన్ని వరండాలోకొచ్చి చిన్న గొంతుతో చెప్పింది... “కార్డు మీద నెంబరు, వెనకున్న మూడంకెలు కొట్టాడు నాన్నా. నువ్వు కోప్పడతావని చెప్పట్లేదు.”

ఈ వారం కాలమ్ ఆ అరగంట కోసమే రాస్తున్నాను. 

అసలుకి నకిలీ ఎలా అతుక్కుంటుంది?

పీఎం కిసాన్ పథకం 2019లో మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో రెండేసి వేలు. దానికి ఈకేవైసీ తప్పనిసరి అన్నది నిజం. దానికో అధికారిక యాప్ ఉందన్నదీ నిజం. 2023 నుంచి ఆ యాప్‌లో ముఖం చూపించి కేవైసీ చేసుకోవచ్చన్నదీ నిజమే. ఇన్ని నిజాల మధ్య ఒక్క అబద్ధం పెడితే ఎవరు కనిపెడతారు? మా బాబాయి అమాయకుడు కాదు. ‘లాటరీ తగిలింది’ అంటే నవ్వి ఊరుకుంటాడు. కానీ తనకి నిజంగా రావాల్సిన రెండు వేలు ఆగిపోతాయంటే ఏ రైతుకైనా చెయ్యి ఆగదు.

పైగా అది ముక్కూమొహం తెలియనివాడి నుంచి రాలేదు. ఇరవై ఏళ్లుగా బాబాయి ఎరువులు కొనే కొట్టాయన నెంబరు నుంచి వచ్చింది. కొట్టాయన ఫోన్‌కి ఇంకెవరి నుంచో వచ్చింది. ఫోన్లో దూరిన దొంగ యాప్ కాంటాక్టులు చదివి, యజమాని పేరుతోనే అందరికీ పంచిపెడుతుంది. అందుకే ‘తెలియనివాళ్లు పంపినవి తెరవకండి’ అన్న పాత సలహా ఇప్పుడు సగమే పనికొస్తుంది. తెలిసినవాళ్ల నుంచి వచ్చినా అదే జాగ్రత్త కావాలి.

వేషాలు చాలా ఉన్నాయి. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, కరెంటు బిల్లు, బ్యాంకు కేవైసీ... వేషం ఏదైనా ఫైల్ పేరు చివర చూడండి. డాట్ ఏపీకే అని ఉంటుంది. ఏపీకే అంటే ఫొటో కాదు, కాగితం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్‌ని దించే మూట. శుభలేఖ అయితే ఫొటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. చలానా చూసుకోవాలంటే పరివాహన్ వెబ్‌సైట్‌కి మనమే వెళ్తాం. శుభలేఖ చూడ్డానికి ఎక్కడైనా యాప్ వేసుకుంటామా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం దొంగలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. (ఈ ఏపీకేలు ఐఫోన్లో పనిచేయవు. కానీ కార్డు నెంబరు అడిగే దొంగ లింకులు ఏ ఫోన్లోనైనా పనిచేస్తాయి.)

ఓటీపీ చెప్పలేదు... అయినా పోయింది

‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని బ్యాంకులు ఏళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాయి. బాబాయి దాన్ని అక్షరాలా పాటించాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఆ యాప్ దిగేటప్పుడు ఫోన్ రెండుసార్లు హెచ్చరించింది. వాట్సాప్ నుంచి తెలియని యాప్ దింపుతున్నారు, ఒప్పుకుంటారా అంది. బాబాయి ‘అలౌ’ నొక్కాడు. తర్వాత యాప్ మెసేజీలు చదవడానికి అనుమతి అడిగింది. దానికీ ‘అలౌ’ నొక్కాడు. ఆ తర్వాత కేవైసీ కోసమని ఆధార్, కార్డు వివరాలు అడిగింది. అవీ కొట్టాడు. చివరికి ‘అప్‌డేట్ చేస్తున్నాం, ఆగండి’ అని గుండ్రంగా తిరిగి, తెర మీద నుంచి మాయమైంది. ‘సర్వర్ బిజీ కాబోలు’ అనుకుని బాబాయి పొలానికి వెళ్లిపోయాడు.

ఇక్కడి నుంచి పని దొంగది. ఎక్కడో కూర్చుని ఆ కార్డుతో ఆన్‌లైన్లో కొనుగోలు మొదలుపెడతాడు. ఓటీపీ బాబాయి ఫోన్‌కి వస్తుంది. మెసేజీల తాళం చేతిలో ఉన్న యాప్ దాన్ని చదివి దొంగకి పంపుతుంది. ‘మీ ఖాతా నుంచి డబ్బు పోయింది’ అన్న మెసేజీ కూడా బాబాయి కంట పడదు. పూర్వం దొంగలు గోడకి కన్నం వేసేవాళ్లు. ఇప్పుడు గోడ చెక్కుచెదరదు. తాళం మనమే తీసి, మనమే చేతికిస్తాం.

ఇదేం కొత్త విద్య కాదు. 2021లో ఆదాయపు పన్ను రీఫండ్ పేరుతో ‘డ్రినిక్’ అనే దొంగ యాప్ వచ్చింది. 27 బ్యాంకుల ఖాతాదారుల మీద అది గురిపెట్టిందని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది. అదే ఏడాది యూరప్‌లో ‘మీ పార్సిల్ వచ్చింది’ అంటూ ‘ఫ్లూబాట్’ పాకింది. అదీ కాంటాక్టులు చదివి పాకిందే. 2022లో పోలీసులు దాని పీచమణిచారు. మరి ప్లే స్టోర్ అయితే భయం లేదా అంటే, చాలా మేలు గానీ పూర్తిగా కాదు. చందాల పేరుతో డబ్బు గుంజే ‘జోకర్’ కుటుంబానికి చెందిన 1,700 యాప్‌లని 2017 నుంచి పట్టుకున్నామని గూగుల్ 2020 జనవరిలో తనే చెప్పుకుంది. అంటే గేటు దగ్గర కాపలా ఉన్నా, అప్పుడప్పుడూ మారువేషంలో లోపలికి దూరేవాళ్లు ఉంటారన్నమాట.

ముందు డబ్బు... తర్వాతే ఫోన్

యాప్ తీసేయాలన్న కంగారులో చాలామంది ఒక పెద్ద పొరపాటు చేస్తారు. గంటసేపు ఫోన్‌తో కుస్తీ పడతారు. ఆ గంటలో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి ఏటీఎంకి చేరిపోతుంది. కాబట్టి వరస గుర్తుపెట్టుకోండి.

ఒకటి, డేటా, వైఫై ఆపండి. దొంగకి తీగ తెగిపోతుంది. అయితే కొన్ని యాప్‌లు మామూలు ఎస్సెమ్మెస్‌గా కూడా ఓటీపీ పంపగలవు. అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం ఇంకా మంచిది.

రెండు, వేరే ఫోన్ నుంచి 1930కి చేయండి. ఇది డబ్బు పోయినవాళ్ల కోసమే పెట్టిన జాతీయ సైబర్ హెల్ప్‌లైన్. డబ్బు వెళ్లిన ఖాతాల్లో దాన్ని ఆపే ప్రయత్నం అక్కడి నుంచే మొదలవుతుంది. లైను కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి.

మూడు, బ్యాంకుకి చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. నెంబరు కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో చూసి చెయ్యండి. ఇంటర్నెట్‌లో వెతికితే అక్కడా దొంగ నెంబర్లు కాచుక్కూర్చుంటాయి. ఫిర్యాదు నెంబరు, టైము రాసి పెట్టుకోండి. ఎందుకంటే రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పొరపాటు మనదే అయినా, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. మీరు చెప్పిన నిమిషం విలువ అంత.

బాబాయి విషయంలో రెండోసారి పోయిన 38,500 అవతలి ఖాతాలోనే దొరికి ఆగింది. మొదటి 49,000 అప్పటికే దాటిపోయింది. ఆగిన డబ్బు చేతికి రావడానికి ఇంకా కాగితాలు తిరుగుతున్నాయి.

రెండో దొంగ ఎక్కడ?

ఇక ఫోన్. నేను హైదరాబాద్‌లో, ఫోన్ తెనాలి దగ్గర. పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయిని పిలిపించాను. తను సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాప్స్ జాబితాలో ‘పీఎం కిసాన్’ చూసి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కింది. “పోయిందన్నయ్యా. అయిపోయినట్టేగా?” అంది.

అవలేదు. ఇలాంటివి చాలాసార్లు జంటగా వస్తాయి. మొదటిది తలుపు తెరిచేది మాత్రమే. ‘అప్‌డేట్’ అంటూ అది లోపలికి దింపే రెండోదే అసలు దొంగ. దానికి తెర మీద బొమ్మ ఉండదు. జాబితాలో మాత్రం దాక్కోలేదు. అందుకే జాబితా మొత్తం పైనుంచి కిందదాకా చదవమన్నాను. ‘సిస్టమ్ సర్వీస్’ అనే పేరు, పళ్ల చక్రం బొమ్మ. చూస్తే ఫోన్‌తోనే వచ్చినట్టుంది. కానీ లోపల చూస్తే మెసేజీలు, కాంటాక్టులు, కాల్స్ అన్నిటికీ అనుమతి ఉంది. ఫోన్ సొంత యాప్ అయితే ‘డిజేబుల్’ అనో మరోటో ఉంటుంది గానీ సాధారణంగా అన్‌ఇన్‌స్టాల్ బటన్ ఉండదు. దీనికి ఉంది. కానీ నొక్కితే పనిచేయడం లేదు, మసకబారి ఉంది.

ఇలాంటప్పుడు ఏం చేయాలో వరసగా చెబుతాను. మీ ఫోన్ కంపెనీని బట్టి పేర్లు కొంచెం అటూఇటూ ఉండొచ్చు. సెట్టింగ్స్ పైన వెతికే గడిలో ఆ పేరు కొడితే దొరుకుతుంది.

• ముందు ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో పెట్టండి. చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కితే వచ్చే ‘పవర్ ఆఫ్’ గుర్తుని అలాగే అదిమి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. ఇందులో మనం దింపుకున్న యాప్‌లేవీ నడవవు. దొంగ నిద్రపోతున్నప్పుడు చేతులు కట్టేసినట్టన్నమాట. సెట్టింగ్స్ తెరవగానే తెర దానంతటదే వెనక్కి పోతుంటే ఇది తప్పనిసరి.

• ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ అని వెతకండి. అనుమానం ఉన్న యాప్ అక్కడ ఆన్‌లో ఉంటే ఆపండి. అన్‌ఇన్‌స్టాల్ మసకబారడానికి మామూలుగా కారణం ఇదే. బాబాయి ఫోన్లోనూ ఇదే.

• ‘యాక్సెసిబిలిటీ’ చూడండి. చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం పెట్టిన సదుపాయం అది. దొంగ చేతికి చిక్కితే మన తెర చదవగలడు, మన బదులు బటన్లు నొక్కగలడు. మీరు పెట్టనిదేదైనా ఉంటే ఆపండి. ‘నోటిఫికేషన్ యాక్సెస్’ కూడా అలాగే చూడండి.

• ‘డిఫాల్ట్ యాప్స్’లో ఎస్సెమ్మెస్ యాప్ మీరు రోజూ వాడేదేనా చూడండి. కాకపోతే మార్చండి.

• ఇప్పుడు ఆ యాప్‌కి ‘ఫోర్స్ స్టాప్’, ఆపైన ‘అన్‌ఇన్‌స్టాల్’. డౌన్‌లోడ్స్‌లో, వాట్సాప్‌లో ఉన్న ఏపీకే ఫైల్ కూడా తీసేయండి. లేదంటే ఇంట్లో పిల్లలెవరో మళ్లీ నొక్కుతారు.

• ఫోన్ మామూలుగా ఆన్ చేసి, ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి ‘ప్లే ప్రొటెక్ట్’ స్కాన్ చేయండి. బాబాయి ఫోన్లో అది ఆపేసి ఉంది. ఎవరు ఆపారంటే ఆయనే. ఆ యాప్ ఆపమంది, ఆపాడు. మనకి ప్రభుత్వ ఉచిత సాధనం కూడా ఒకటుంది. సెర్ట్-ఇన్ వారి సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా అందించే ‘ఎం-కవచ్’. తయారుచేసింది హైదరాబాద్ సీడాక్ వాళ్లే.

• *#21# కొట్టి కాల్స్ ఇంకెక్కడికైనా మళ్లుతున్నాయేమో చూడండి. మళ్లుతుంటే ##002# కొట్టి రద్దు చేయండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి, మీవి కానివి లాగౌట్ చేయండి.

ఇంతా చేశాక కూడా ఆ ఫోన్లో బ్యాంకు యాప్ వాడాలంటే నా సలహా ఒకటే. ఫొటోలు, కాంటాక్టులు పక్కకి తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మళ్లీ యాప్‌లు ఒక్కొక్కటే ప్లే స్టోర్ నుంచి దింపుకోండి. రీసెట్ తర్వాత కూడా తిరిగొచ్చే మొండి ఘటాలు లేకపోలేదు. 2019లో బయటపడ్డ ‘ఎక్స్‌హెల్పర్’ అలాంటిదే. కానీ అవి అరుదు. అలాంటిది తగిలితే సర్వీస్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించుకోవడమే దారి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు, పిన్నులు అన్నీ మార్చండి. మార్చేది వేరే ఫోన్ నుంచో, రీసెట్ అయ్యాకో మాత్రమే. దొంగ ఇంట్లో ఉండగా తాళాలు మారిస్తే, కొత్త తాళం కూడా వాడి కళ్లముందు పెట్టినట్టే.

నాలుగు రోజుల మౌనం

సోమవారం బాబాయి ఎరువుల కొట్టుకి వెళ్లాడు. ‘నీ ఫోన్ నుంచి వచ్చిన యాప్ వల్ల కొంప మునిగింది’ అని అడుగుదామని. కొట్టాయన తల దించుకున్నాడట. ఆయనకి గురువారమే పోయాయి. ఎంతో ఇప్పటికీ చెప్పడు. పదిమందికి అప్పులిచ్చే మనిషి, ఫోన్లో మోసపోయానంటే ఊళ్లో పలచనైపోతానని నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. గురువారం సాయంత్రం ‘నా ఫోన్ నుంచి ఏమొచ్చినా నొక్కకండి’ అని ఒక్క మాట అని ఉంటే, శుక్రవారం బాబాయి నొక్కేవాడు కాదు.

కొట్టాయన్ని అనడానికి మాకేం హక్కుంది? ఆదివారం పొద్దున బాబాయి నా దగ్గర దాచింది కూడా అదే సిగ్గు. ఆ అరగంట కార్డు ఆపకుండా ఉండిపోయింది. ఆ అరగంటలో ఇంకేం పోలేదంటే అది మా అదృష్టం. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ‘నువ్వు కోప్పడతావని’ అంది పిన్ని. ఫోన్ల సంగతి ఎప్పుడడిగినా ‘ఎన్నిసార్లు చెప్పాలి బాబాయ్’ అని విసుక్కున్నది నేనే. ఊరివాళ్లందరికీ సలహాలు చెప్పేవాణ్ని, మా ఇంట్లోవాళ్లు నాకు చెప్పుకోవడానికి భయపడేలా చేసుకున్నాను.

ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు మీరు కూడా ఓ పావుగంట కేటాయించండి. అమ్మానాన్నల ఫోన్లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతికి, వాట్సాప్‌కీ, బ్రౌజర్‌కీ, ఫైల్స్‌కీ అనుమతి తీసేయండి. ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 1930ని కాంటాక్టుల్లో ‘డబ్బు పోతే’ అన్న పేరుతో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా ఒక మాట చెప్పి రండి... ‘ఏదైనా నొక్కేస్తే వెంటనే నాకు చెప్పు. నేనేమీ అనను.’ చెప్పినట్టే నిజంగా ఏమీ అనకండి.

మంగళవారం రాత్రి బాబాయి నుంచి మళ్లీ వాట్సాప్ వచ్చింది. ఈసారి వాయిస్ మెసేజే. తన ఫోన్లో ఉన్న అందరికీ పంపాడు. “నేను మోసపోయాను. నా నెంబరు నుంచి కిసాన్ యాప్ వచ్చినవాళ్లు ఎవరూ నొక్కమాకండి. నొక్కినవాళ్లు సిగ్గుపడమాకండి. ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్యండి.” అంతే ఉంది.

తెల్లారేలోపు ముగ్గురు ఫోన్ చేశారట. ముగ్గురూ నొక్కినవాళ్లే. ఇద్దరి డబ్బు ఇంకా ఖాతాలోనే ఉంది.